ఆయాసపడే హీరో అంటేనే నాకిష్టం

సంపాదకుడు గారికి,

2018లో ఆపేసిన అమెరికన్ సూపర్‌హీరో సిరీస్ ‘డేర్‌డెవిల్’ 2025 మార్చిలో ‘బార్న్ అగైన్’ పేరుతో మళ్లీ వచ్చింది. 2015 నాటి రెండో ఎపిసోడ్‌లోని కారిడార్ ఫైట్ నాకింకా కళ్ల ముందే ఉంది. కట్ లేనట్టు సాగే ఆ ఫైట్‌లో హీరో అయిన చూపులేని లాయరు గోడకు ఆనుకుని రొప్పుతాడు, తూలుతాడు, మళ్లీ లేచి కొడతాడు. మిగతా సూపర్‌హీరోలకు చెమటైనా పట్టదు!

కొత్తదాంట్లో మొదటి ఎపిసోడ్‌లోనే హీరో ప్రాణస్నేహితుడు ఫాగీని చంపేశారు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. మా ఆవిడ నవ్వింది, అది వేరే సంగతి. విలన్ కింగ్‌పిన్ మేయర్ కావడం మాత్రం భలే కుదిరింది. ఆ పాత్ర వేసిన విన్సెంట్ డొనోఫ్రియో గొంతు తగ్గించేకొద్దీ మనకు టెన్షన్ పెరుగుతుంది.

ఒక్కటే బాధ. ఇంటర్ చదివే మా అక్క కొడుకు ఏ సిరీస్ అయినా తెలుగు ఆడియోలోనే పెట్టమంటాడు. డబ్బింగ్‌లో గొంతులు బాగుంటాయి, మాటలే అతకవు. ‘నిన్ను సర్వనాశనం చేస్తాను’ అని ఇళ్లల్లో ఎవరంటారండీ? మా అనంతపురంలో ‘ఏం రా, ఒళ్లెట్లుంది?’ అంటే చాలు, ఎదుటోడు సర్దుకుంటాడు. డబ్బింగ్ రాసేవాళ్లు ఒక పూట టీ అంగడి దగ్గర కూర్చుని చెవులు రిక్కించాలని నా మనవి.

- ఒక ప్రేక్షకుడు, అనంతపురం