ఆరోగ్య శాఖ మంత్రి గారికి: కాలేయం మార్చారు, స్టెంట్ల సంగతి ఎవరు చూస్తారు?

అయ్యా,

నమస్కారం. సోమవారం గ్రీవెన్సులో అర్జీలు పెట్టి పెట్టి, ఏమీ జరక్కుండానే ‘పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్‌లు వస్తుంటే విసిగిపోయి ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మాది టెక్కలి దగ్గర పల్లె. మా అన్నయ్యకి వదిన తన కాలేయంలో సగానికి పైగా ఇచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆ డాక్టర్లకి చేతులెత్తి దండం పెడతాం. బాధంతా ఆ తర్వాతిదే. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం దిగే గొట్టాలు, అంటే పైత్యనాళాలు, కలిపి కుట్టిన చోట సన్నబడిపోయింది. బతికున్న మనిషి ఇచ్చిన కాలేయమైతే ఇది ఇంకా ఎక్కువని డాక్టర్లు ముందే చెప్పారు. పైత్యరసం దిగదు, కళ్లు పచ్చబడతాయి, అరిచేతులూ అరికాళ్లూ ఒకటే దురద, అన్నయ్య దువ్వెనతో గీరుకుంటూ తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంటాడు. నోట్లోంచి కెమెరా గొట్టం పంపి (దీన్నే ఈఆర్‌సీపీ అంటారు) ఆ నాళం తెరుచుకుని ఉండేలా ప్లాస్టిక్ స్టెంట్, అంటే సన్న గొట్టం, పెడితే అది మడ్డి పట్టి పూడిపోతుంది, అందుకే సుమారు మూడు నెలలకోసారి, దాదాపు ఏడాది దాకా మారుస్తూనే ఉండాలి. ఇదంతా మీ శాఖకి తెలిసిందే కదా, మరి మార్చే ప్రతిసారీ కొత్త రోగం వచ్చినట్టు మళ్లీ మొదట్నుంచి కాగితాలు, ఫొటోలు, సర్కారు ఖర్చుతో చేయడానికి అప్రూవల్ ఎందుకు సార్?

పోయినసారి ఆ అప్రూవల్ కోసం చూస్తుండగానే స్టెంట్ మూసుకుపోయి చలిజ్వరం వచ్చింది. నడి ఎండాకాలంలో ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. కొత్త కాలేయాన్ని ఒళ్లు తిరగ్గొట్టకుండా వాడే మందులు రోగనిరోధక శక్తిని అణిచేస్తాయి, అలాంటి మనిషికి పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ వస్తే గంటల్లో రక్తంలోకి పాకిపోవచ్చు. ఇక్కడ ఎక్కడికి తీసుకెళ్లినా ‘విశాఖ పట్టుకుపోండి’ అనడమే, ఒక్క ఇంజెక్షన్ వేసి పంపినవాళ్లు లేరు.

స్టెంట్ మార్చాక క్లోమం వాచింది. ఈఆర్‌సీపీలో అలా కావచ్చని సంతకం పెట్టించుకునేటప్పుడే చెప్పారు, డాక్టర్ని తప్పు పట్టను. కానీ ఆ వాపుకి వైద్యం వేరే లెక్క అని కౌంటర్లో డబ్బు కట్టించుకున్నారు. వదిన పుస్తెలతాడు తాకట్టు పెట్టాం. కాలేయం ఇచ్చిన మనిషి, ఇప్పుడు తాడు కూడా ఇచ్చింది. ఆ ప్రొసీజర్ వల్లే వచ్చిన వాపు వేరే లెక్క ఎలా అవుతుంది సార్?

ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది, సంతోషం, అది రావాల్సిందే. కాలేయం మార్పించుకున్నవాళ్లం కొద్దిమందిమే కావచ్చు, మా గోడు కూడా వినండి. స్టెంట్ మార్పులన్నిటికీ ఒకేసారి అనుమతి ఇవ్వండి. తర్వాత వచ్చే రక్తస్రావం, క్లోమం వాపు, ఇన్‌ఫెక్షన్ అన్నీ అందులోనే కలపండి. జ్వరం వస్తే జిల్లాలోనే పరీక్షకి రక్తం తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి అప్పుడు విశాఖ పంపమనండి.

సంక్రాంతి లోపు మళ్లీ స్టెంట్ మార్చాలి. ఈసారైనా జ్వరం రాకముందే అప్రూవల్ ఇప్పించండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు,
శ్రీకాకుళం జిల్లా