హ్యూస్టన్ స్టేషన్లో కలిసిన పెద్దావిడకి

కిందటి నెల డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో గాల్వే రైలు కోసం పరుగెత్తుతూ, సర్టిఫికెట్ల జిరాక్సులన్నీ తడినేల మీద పారేసుకున్నాను. ఇంటర్వ్యూ టెన్షన్ మరి. వాటిని ఒక్కొక్కటీ ఏరి, మెడలోని ఉన్ని స్కార్ఫ్‌తో తుడిచి ఇచ్చిన పెద్దావిడ పేరు అడగడమే మర్చిపోయాను.

రైల్లో పక్కనే కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు (పాలు ముందే కలిపేసి, అచ్చం మనలాగే!). 66 దాటినవాళ్ళకి ఇక్కడ ప్రయాణం ఉచితం కదా, నెలకోసారి చెల్లెల్ని చూడ్డానికి వెళ్తారట. 1971లో పెళ్ళవగానే ప్రభుత్వ ఉద్యోగం వదిలేయాల్సి వచ్చిందట. అప్పట్లో ఐర్లండ్‌లో రూలే అది, 1973లో ఎత్తేశారు. "రెండేళ్ళు ఆగి చేసుకోవాల్సింది" అని పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పిల్లలు పెద్దయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, రిటైరయ్యేదాకా లైబ్రరీలో పనిచేశారట.

పిల్లాడి కోసం ఐదేళ్ళు ఇంట్లోనే ఉండిపోయానని నేను నసుగుతుంటే, "దాచకు, అడక్కముందే చెప్పెయ్" అన్నారు.

చెప్పేశానండీ. ఉద్యోగం వచ్చింది. చాలా చాలా థాంక్స్. మీ స్కార్ఫ్‌కి నా కాగితాల సిరా అంటుకుంది, ఆ మరక పోయిందో లేదో.