దొడ్లో వాటాల తగువు

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో నీతో రెండు ముక్కలు మాట్లాడేలోపే నీకు ఆఫీసు నుంచి ఇంకో కాల్ వస్తుంది. అందుకే ఈసారి ఉత్తరం. భోజనాలయ్యాయి, కరెంటు పోయింది, పిల్లలిద్దరూ వసారాలో చాప మీద పడి నిద్రపోతున్నారు, బయట రోహిణి కార్తె ఎండకి రోళ్ళు పగులుతున్నాయి. తీరిగ్గా రాయడానికి ఇంతకన్నా మంచి టైము దొరకదు.

"సెలవులకి ఊరెళ్ళి ఏం చేస్తున్నార్రా అందరూ?" అని అడిగావు కదా. దొడ్లో కాసింది తింటున్నాం. తినగా మిగిలింది ఊరబెడుతున్నాం, ఎండబెడుతున్నాం. ఎండబెట్టింది ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాం. ఈ మూడో పనికే రోజంతా సరిపోతోంది. ఆ దొడ్డిలో కాసినదాంట్లో ఎవరి వాటా ఎంత అన్నది ఇంట్లో పెద్ద తగువైపోయింది. అమ్మ ఒక పార్టీ, నాన్నగారు ఒక పార్టీ. మీ చెల్లెలు ఏ పూటకాపూట పార్టీ మారుస్తోంది.

మామిడి చెట్లు నీకు గుర్తున్నాయిగా? గోడవారన బంగినపల్లి, నూతి పక్కన కొత్తపల్లి కొబ్బరి, వెనకాల పెద్దరసం. బంగినపల్లికి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సొంత పంట అనే ముద్ర, వచ్చిందని పేపర్లో చదివినప్పటి నుంచి నాన్నగారు ఆ చెట్టుకి కాస్త మర్యాద ఎక్కువిస్తున్నారు గానీ, తినే దగ్గరికొస్తే ఆయన చెయ్యి రసం వైపే పోతుంది. పళ్ళెం, చాకూ ముందు పెట్టుకుని తినేది ఏం పండురా అంటారు. పండుని రెండు చేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర తొక్క చిన్నగా కొరికి, మోచేతుల దాకా కారుతుంటే జుర్రుకోవాలిట. మా చిన్నాడు ఈ విద్యలో తాతకి సరైన వారసుడు. బనియన్లన్నీ పసుపు మరకలే.

కాయలు కోసే పని ఈ ఏడు మా పెద్దదానికి అప్పగించారు. వెదురుగడ చివర చిక్కం కట్టుంటుంది చూడు, అది దానికంటే మూడింతల పొడుగు. కాయ చిక్కంలో పడేటప్పుడు ముచ్చిక కొంచెం కాయతో పాటే తెగాలి. మొదలంటా ఊడితే సొన కాయ మీద కారి నల్లగా మచ్చ పడుతుంది, ముగ్గేటప్పుడు అక్కడి నుంచే కుళ్ళుతుంది. కోసినవాటిని బోర్లించి సొన కారిపోయేదాకా ఉంచి, ఆ తర్వాతే గడ్డిలో వేస్తున్నారు. మన సిటీలో కార్బైడ్ వేసి రంగు తెప్పించిన పళ్ళు తిని తిని, గడ్డిలో ముగ్గిన పండు వాసన ఎలా ఉంటుందో మర్చిపోయాను. కొట్టుగది తలుపు తీస్తే చాలు, వీధి గుమ్మం దాకా గుప్పుమంటోంది.

తగువు మొదలైంది ఇక్కడే. పైకొమ్మల కాయలు నాన్నగారు కొయ్యనివ్వరు. "అవి వాటివి" అంటారు. వాటివి అంటే చిలకలవి, ఉడతలవి. అమ్మ మాట ఏమిటంటే, చిలక ఒక కాయ శుభ్రంగా తింటే తనకేం బాధ లేదు, నాలుగు కాయలకి తలో కొరుకూ కొరికి కింద పడేస్తుంది చూడు, ఆ దుబారా చూడలేనంటుంది. నిజమే, పొద్దున్న చెట్టు కింద చూస్తే సగం సగం కొట్టినవే. చిన్నప్పుడు మనం చిలక్కొట్టిన జామపండు కోసం కొట్టుకునేవాళ్ళం గుర్తుందా? ఇప్పుడు మీ చెల్లెలు అలాంటి పండుని పిల్లల దగ్గరికే రానివ్వదు. 2018లో కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వచ్చినప్పటి నుంచి దానికి గబ్బిలాలంటే టెన్షన్. "కొరికింది చిలకో గబ్బిలమో మీరు చూశారా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అది చెప్పిందే మంచి మాట కూడానూ. కాబట్టి ఎంగిలి పళ్ళన్నీ ఎరువు గుంటలోకి పోతున్నాయి.

ఉడతల విషయంలో మాత్రం అమ్మ చట్టం వేరు. దేవుడి గదిలో ఒత్తులు మాయమవుతుంటే ఎవరా అని కాపలా కాశాం. మిట్టమధ్యాహ్నం కిటికీ ఊచల్లోంచి ఒక ఉడత వచ్చి, ఒత్తుల డబ్బా పక్కన కూచుని, దూదిని ముందు కాళ్ళతో ఉండలా చుట్టి, నోట్లో కుక్కుకుని పోయింది. పెంకుల కింద గూడు కడుతోంది. కొబ్బరి పీచు, చీపురు పుల్లలు, మా చిన్నాడి బొమ్మలోంచి ఊడిన దూదీ అన్నీ అక్కడే ఉన్నాయి. అదే పని కాకి చేసుంటే ఇల్లెగిరిపోయేది. ఉడత కాబట్టి "పోన్లే, రాముడు నిమిరిన వీపు" అని అమ్మ వదిలేసింది. ఉత్తరాదిన ఐదు చారల ఉడతలు కూడా ఉంటాయి నానమ్మా అని మా పెద్దది చెబితే, "అక్కడ ఐదు వేళ్ళతో నిమిరుంటాడు" అంది. ఇంక దాని నోట మాట లేదు!

ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేస్తారు కదా, దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక. మళ్ళీ జూన్‌లో వదిలేదాకా పంటకాలువలో బురద తప్ప ఏమీ ఉండదు. దాంతో చుట్టుపక్కల పిట్టలన్నీ మా నూతి గట్టుకే వస్తున్నాయి. నాన్నగారు పాత కుడితి తొట్టి తోమించి, వేపచెట్టు నీడకి జరిపి నీళ్ళు పోస్తున్నారు. లోతు ఎక్కువైతే పిట్టలు దిగవని అందులో రెండు ఇటికలు కూడా వేశారు. తెల్లారగానే గోరింకలు గుంపుగా దిగి స్నానాలు చేస్తాయి, పిగిలిపిట్టలు వాటి వంతు వచ్చేదాకా జామకొమ్మ మీద ఎదురుచూస్తాయి. ఎండెక్కాక జెముడుకాకి ఒక్కతే, ఎర్రటి కళ్ళేసుకుని, బరువుగా నడుచుకుంటూ వస్తుంది. అది దిగిందంటే మిగతావన్నీ సర్దుకుంటాయి. పెళ్ళికి ఆడపడుచు వచ్చినట్టే అనుకో.

అసలు దొంగ మటుకు కాకి. అమ్మ మేడ మీద బూడిద గుమ్మడి వడియాలు పెట్టింది. మా చిన్నాడికి కర్ర ఇచ్చి కూర్చోబెట్టింది. వాడు ఒక్క క్షణం అటు తిరిగాడో లేదో, కాకి ఒక వడియం ఎత్తుకుపోయింది. అంతటితో ఆగిందా? వడియం గట్టిగా ఉందేమో, తిన్నగా తొట్టి దగ్గరికి పోయి, నీళ్ళలో ముంచి, తీసి, ఇటిక మీద పెట్టి ముక్కుతో పొడిచి చూసి, నానలేదని మళ్ళీ ముంచింది! నాన్నగారు పోసిన నీళ్ళలో అమ్మ పెట్టిన వడియం నానబెట్టుకుని దర్జాగా తింది. నాన్నగారు పగలబడి నవ్వారు. అమ్మ ఆ పూట ఆయనకి వడియాలు వేయించలేదు.

ఇంత జరిగాక అమ్మ కాకి పార్టీలో చేరుతుందని ఎవరైనా అనుకుంటారా? చేరింది. ఎలాగో చెబుతాను విను.

పక్కింటివాళ్ళ చింతచెట్టు మీద ఈ కాకి గూడే ఉంది. మా మేడ మీద నిలబడితే గూట్లోకి కనబడుతుంది. మేం వచ్చేసరికే పిల్లలున్నాయి. అన్నీ బోసి మెడలతో ఒక్కలాగే ఉండేవి. రెక్కలొచ్చేకొద్దీ వాటిలో ఒకదాని ఒంటి మీద తెల్ల చుక్కలు, తోక మీద అడ్డ చారలు బయటపడ్డాయి. కోయిల పిల్ల! ఆడది. కుహూ కుహూ అని కూసే నల్లది మగకోయిల. ఆడదానికి గోధుమరంగు ఒళ్ళు, దాని మీద తెల్ల చుక్కలు, అది కిక్ కిక్ కిక్ మని అరవడమే తప్ప పాడదు. మగది ఎదురుగా వచ్చి కాకుల్ని రెచ్చగొట్టి తరిమించుకుంటుంటే, ఆ సందులో ఆడది గుడ్డు పెట్టి జారుకుంటుంది. మా పెద్దది ఇదంతా చదివి నానమ్మకి విడమరిచి చెప్పింది.

ఇప్పుడు ఆ పిల్ల గూడు దిగి మా మామిడికొమ్మ మీద కూచుంటోంది. పొద్దస్తమానం నోరు తెరిచే ఉంటుంది. కాకి మాత్రం ఎండనక వాననక తెచ్చి పెడుతూనే ఉంది. అమ్మ నిన్న చాలాసేపు చూసి, "ఎవత్తో కని పారేసిన పిల్లని మోస్తోంది పాపం, మొగుడూ పెళ్ళాలిద్దరూ మోస్తున్నారు" అంది. ఈ పొద్దున్న గోడ మీద దానికి విడిగా అన్నం పెట్టింది. మాట మార్చావేమని నాన్నగారు అడిగితే, "అన్నం వేరు, వడియాలు వేరు" అంది. కర్ర ఇంకా మేడ మీదే ఉంది.

కూరగాయల సంగతి చెప్పలేదు కదూ. బెండ, గోంగూర, దొండపాదు, అన్నీ మామూలే. ఈ ఏడాది విశేషం ఆనపపాదు. పందిరి నిండా అల్లుకుంది, పూసింది, పిందెలు మాత్రం వేలెడైనా కాకుండా పసుపెక్కి రాలిపోతున్నాయి. ఎండ ముదిరి పురుగులు రావడం తగ్గిందేమో, పుప్పొడి అందట్లేదని నాన్నగారు తేల్చారు. ఆనపపువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది, చీకటిపడ్డాక చిమ్మెటలు వచ్చి ఆ పని చేసిపెట్టాలి. చిమ్మెటలు రాకపోతే మనమే చెయ్యాలి. సాయంత్రం ఆరింటికి టార్చిలైటు పట్టుకుని మొత్తం కుటుంబం పందిరి కింద హాజరు. సన్నటి కాడ మీద పూసింది మగపువ్వు. పువ్వు కింద చిన్న పిందె, నూగు నూగుగా ఉంటుంది చూడు, అది ఆడపువ్వు. మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి ఒలిచేసి, మధ్యలో పుప్పొడున్న భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. మా చిన్నాడికి చేతులు అందక నాన్నగారి భుజాలెక్కి చేశాడు. వాడు అద్దిన పువ్వుకి గుర్తుగా ఎర్రదారం కట్టాం. ఇప్పుడు ఆ పిందె జానెడైంది. దాన్ని కోసి పులుసు పెడదామంటే వాడు ఒప్పుకోవట్లేదు, "నా కాయ" అంటాడు. ముదిరితే తినలేంరా అంటే వినడు. నాన్నగారు విత్తనానికి ఉంచేద్దాంలే అని రాజీ చేశారు.

బట్టలారేసుకునే తీగ కూడా మా చేతుల్లో లేదు. దాని చివర వేలాడే పాత తాడుకి తేనెపిట్ట గూడు కట్టింది. సాలెపట్టు, ఎండుటాకు ముక్కలు, చెట్టుబెరడు పొట్టు, అన్నీ కలిపి చిన్న సంచీలా అల్లింది, పక్కన ద్వారం, దాని మీద చూరు కూడా. మీ చెల్లెలు తడి చీర దులిపితే గూడు ఊగుతోందని, బట్టలన్నీ వీధి వైపు ఆరేస్తోంది. ఈ పూటకి నాన్నగారి పార్టీ అన్నమాట.

ఆవకాయ పెట్టడం అయిపోయింది. కొబ్బరి మామిడికాయ, టెంకతో ముక్క, పప్పునూనె. ఈసారి తాండ్ర కూడా వేస్తున్నాం. ఆత్రేయపురం వాళ్ళంత పని మనకి రాదు గానీ, రసం తీసి, వడగట్టి, బెల్లం కలిపి, తాటాకు చాప మీద పల్చగా పూసి, ఎండాక దాని మీద మళ్ళీ పూత. దాని చుట్టూ చేరే జనాభా చూడాలి, కందిరీగలు, తేనెటీగలు, గండుచీమలు! పాత దోమతెర కప్పి, మంచం కోళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాం. అయినా ఒక కందిరీగ లోపల ఇరుక్కుని పూతలో కూరుకుపోయింది. దాన్ని చీపురుపుల్లతో తీసింది మా పెద్దది. అది రెక్కలు నాక్కుంటూ చాలాసేపు గోడ మీద కూచుని ఎగిరిపోయింది. కుట్టలేదు, అది నయం.

రాత్రిళ్ళు పెంకుల మీద దబ్ దబ్‌మని చప్పుడు. మానుపిల్లి. సపోటాల కోసం వస్తోంది. పొద్దున్న గోడ మీద సపోటా గింజలు పోగు కనబడితే వచ్చి వెళ్ళిందని గుర్తు. గడ్డివాము దగ్గర జెర్రిపోతు కూడా ఉంది, హడిలిపోకు. విషం లేదు, ఎలకల్ని తింటుంది. నాన్నగారు దాన్ని కొట్టనివ్వరు, ఈ విషయంలో మాత్రం అమ్మ కూడా ఆయన వైపే, ధాన్యం గాదె సంగతి తనకి తెలుసు కాబట్టి.

అసలు విషయానికొస్తాను. జూన్ 8న మృగశిర. చినుకు పడిందంటే రసాల్లో పురుగు చేరుతుంది, ఆ తర్వాత నువ్వొచ్చినా నీకు మిగిలేది టెంకలే. ఆ లోపే రా. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారకముందే రాజమండ్రిలో దిగుతావు, నేను బండేసుకుని వస్తాను. వదినా పిల్లల్నీ తీసుకురా. పిల్లలు ఎండకి కందిపోతారని సాకులు చెప్పకు, మావాళ్ళు కందలేదు, నల్లబడ్డారంతే. పనసకాయ ఒకటి నీ కోసం చెట్టునే ఉంచాం. లేతది కాబట్టి పొట్టు కొట్టించి ఆవ పెట్టి కూర చేస్తానంది అమ్మ. కొట్టేది మాత్రం నువ్వే, చేతులకి నూనె నేను రాస్తాను.

టికెట్ అయ్యాక ఒక్క మెసేజ్ పెట్టు.

ఇట్లు,
నీ గోపిగాడు

మరో మాట: వచ్చేటప్పుడు ఖాళీ జాడీ తెచ్చుకో, ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ పెట్టి ఇవ్వనంటోంది అమ్మ. మీ ఇంట్లో వెల్లుల్లి వేసింది తింటారా, వెయ్యనిదా అని కూడా అడగమంది. రెండూ ఉన్నాయి.