సరిపోరని పంపేస్తే చాలా?

సంపాదకుల వారికి,

మతిమరుపు నివారణ అధ్యయనం కోసం అరవై దాటిన వాళ్లను ఎంపిక చేసే శిబిరం మా ఊళ్లో జరిగిందనీ, ‘విశేష స్పందన’ వచ్చిందనీ గత వారం జిల్లా పేజీలో వేశారు. ఫొటోలో జ్యోతి వెలిగించేవాళ్లే తప్ప ఎండలో నిలబడ్డ ముసలాళ్లు లేరు. రక్తపరీక్ష ఉంది, ఏమీ తినకుండా రమ్మన్నది వాళ్లే. అతిథులు వచ్చేదాకా మొదలుపెట్టనిదీ వాళ్లే. లైన్లో సగం మంది షుగరు రోగులన్న సంగతి వేదిక మీద ఒక్కరికీ గుర్తు రాలేదు. జ్ఞాపకశక్తి పరీక్ష అక్కడి నుంచే మొదలుపెట్టాల్సింది!

ఇలాంటి అధ్యయనాలకు అందరినీ తీసుకోరని తెలుసు. ఫిన్లాండ్‌లో ‘ఫింగర్’ అధ్యయనానికి 60 నుంచి 77 ఏళ్ల మధ్య, ముప్పు ఉన్నా జబ్బు రాని వాళ్లను 1,260 మందిని ఏరుకున్నారు. తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ, షుగరు అదుపు అన్నీ కలిపి సగం మందికి రెండేళ్లు చేయిస్తే మేలు కనిపించిందని 2015లో ప్రకటించారు. కాబట్టి ఏరుకోవడం మీద కాదు, ఏరే తీరు మీద నా కోపం.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. బడి మొహం చూడలేదు, నెల పాల లెక్క నోటితోనే తేలుస్తుంది. ఆవిడను ఇంగ్లిష్ తేదీ అడిగారు. తిథి అడిగితే ఠక్కున చెప్పేది. ఎన్నడూ పెన్సిల్ పట్టని చేతికి పెన్సిలిచ్చి బొమ్మ గీయమన్నారు. ఇంకొకాయనకు చెవుడు. వినపడక తలూపితే సున్నా వేశారు. ఇద్దరికీ ‘మీరు సరిపోరండీ’ అని చెప్పి పంపేశారు. ఎందుకు సరిపోరో, బీపీ ఎంతుందో, డాక్టరుకు చూపించుకోవాలో లేదో ఒక చీటీ రాసిచ్చిన పాపాన పోలేదు. ఆధార్ జిరాక్సులు మాత్రం మర్చిపోకుండా తీసుకున్నారు. ఆవిడ అప్పట్నించీ కనపడ్డవాళ్లందరితో ‘నాకు మతి పోయిందంట గదా’ అంటోంది.

చదువురాని వాళ్లకు తగిన పరీక్షలు లేవా? హరియాణాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం తయారైన పరీక్ష 1995లోనే అచ్చయింది. ఇంగ్లిష్ మాటకు స్పెల్లింగు వెనక నుంచి చెప్పమనే ప్రశ్న తీసేసి వారాల పేర్లు వెనక నుంచి అడిగారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారు చేయించిన పరీక్షలు తెలుగులో కూడా ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడే వాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించారు. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. వేలిముద్రగాళ్లని గుమ్మంలోనే ఆపేసి ఉంటే ఆ సంగతి తెలిసేదా? పైగా లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన, ఈ జబ్బు ముప్పు పెంచే 14 కారణాల్లో చదువు తక్కువ కావడం, చెవుడు, చూపు మందగించడం ఉన్నాయి. ముప్పున్న వాళ్లని ఇంటికి పంపి నివారణ ఎవరికి చేస్తారు స్వామీ?

ఏ కౌంటరు దగ్గరైనా మాకిదే మర్యాద. వేలిగీతలు అరిగిపోయి మిషన్ మీద పడకపోతే ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా లెక్కలో లేనట్టే. ఓటీపీ చెప్పడానికి మనవడు ఊళ్లో ఉండాలి. కూర్చోడానికి బల్ల అడిగితే ‘పెద్దాయనా, కాస్త ఓపిక పట్టు’ అంటాడు మన పిల్లల వయసు గుమస్తా.

అధ్యయనంలో పాల్గొనే వాళ్లకు అర్థమయ్యే భాషలో వివరం చెప్పాలని ఐసీఎంఆర్ 2017 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది. వెనక్కి పంపిన ప్రతి ఒక్కరికీ కారణమూ, పరీక్షల ఫలితాలూ తెలుగులో రాసివ్వమనండి. వద్దనుకున్న వాళ్ల ఆధార్ జిరాక్సులు ఎక్కడున్నాయో కూడా నిర్వాహకులు మీ పత్రిక ద్వారానే చెప్పాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా