‘యాంటిక్ కంచు’ చీటీలు ఎందుకు తీసేశామంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక కస్టమర్ ఫోన్ చేశారు. మా శిల్పాల షాపులో కొన్న నాట్యగత్తె బొమ్మ ఇల్లు మారుతుంటే కిందపడి చెయ్యి విరిగిందట. అతికించగలరా అని అడగడానికే చేశారు పాపం. ఫొటో పంపమన్నాను. విరిగిన చోటు చూడగానే నాకు చెమటలు పట్టాయి. కంచు విరిగితే లోపల పసుపులో కాస్త ఎరుపు కలిసిన రంగు కనిపించాలి. ఇక్కడ బూడిద తెలుపు. అది కంచు కాదు, జింక్. పాత మాటలో చెప్పాలంటే తుత్తునాగం. పైన కంచు రంగు పూత. దాని చీటీ మీద మేం రాసింది మాత్రం ‘యాంటిక్, కంచు’.

మాకు అమ్మిన వ్యాపారి కంచు అనే చెప్పాడు. కానీ చీటీ రాసింది ఆయన కాదు, నేను. ఒక్కసారి తిరగేసి పీఠం అడుగున చూసి ఉంటే తెలిసిపోయేది. చూడలేదు. కస్టమర్‌కు డబ్బు మొత్తం తిరిగిచ్చాను, బొమ్మ వెనక్కి తీసుకున్నాను.

ఆ తర్వాత రెండు వారాలు రోజూ సగం పూట షాపు మూసి, ఉన్న ప్రతి శిల్పాన్నీ తిరగేసి చూశాం. ఆ రోజుల్లో వచ్చి తాళం చూసి వెనుదిరిగినవాళ్లు మన్నించాలి. చీటీల్లో దాదాపు మూడో వంతు మార్చాల్సి వచ్చింది. అందులో ఎవరో చేసిన మోసం తక్కువ, మా బద్ధకం ఎక్కువ.

ఈ జింక్ బొమ్మల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మీ ఇళ్లలోనూ ఉండొచ్చు. వ్యాపారంలో వీటిని స్పెల్టర్ అంటారు. జింక్ 420 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కంచుకు అంతకు రెట్టింపు పైనే వేడి కావాలి. అందుకే 19వ శతాబ్దంలో కంచు కొనలేనివాళ్ల కోసం ఇవి కుప్పలుగా పోత పోశారు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. తెలియదు, అది రెండింటికీ అంటుకోదు. పీఠం లోపలి వైపు పూత లేచిన చోటు చూడాలి. పసుపుగా మెరిస్తే కంచో ఇత్తడో, తెల్లగా ఉంటే జింక్. మీరు మాత్రం గీకకండి, షాపుకు తీసుకురండి. అలాగని స్పెల్టర్‌ను చులకనగా చూడనక్కర్లేదు. కొన్నిటి పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. కంచని చెప్పి అమ్మడమే తప్పు.

ఇక ‘యాంటిక్’ అన్న మాట. కస్టమ్స్ వాళ్ల లెక్కలో 100 ఏళ్లు దాటితేనే యాంటిక్. ‘వింటేజ్’కు అలాంటి గీత లేదు, ఒక తరం పాతబడి ఇంకా వందేళ్లు నిండనిదాన్ని వ్యాపారులు అలా అంటారు. శిల్పాలతో ఇంకో చిక్కు కూడా ఉంది. బొమ్మను మలిచిన తేదీ వేరు, పోత పోసిన తేదీ వేరు. ఫ్రెంచ్ శిల్పి రోడాన్ 1917లో చనిపోయాడు. ఆయన అచ్చుల నుంచి ఆ తర్వాత కూడా పోతలు పోశారు, ఒక్కో శిల్పానికి 12 పోతల వరకు అసలువిగానే లెక్క. అంటే అసలు రోడానే, కానీ కంచు వయసు మాత్రం ఆయన చనిపోయాకే మొదలైంది. కాబట్టి ఇకపై మా చీటీల మీద రెండు తేదీలు ఉంటాయి. తెలియని చోట ‘తెలియదు’ అనే రాస్తాం. ఇలా అయితే బేరాలు పడిపోతాయని మా ఆవిడ అంటోంది. చూద్దాం.

కొత్త శిల్పాల్లోనూ ఇదే పద్ధతి. రెసిన్‌లో, అంటే ప్లాస్టిక్‌లా గట్టిపడే జిగురులో, కంచు పొడి కలిపి చేసినవాటిని ఇన్నాళ్లూ ‘బ్రాంజ్ ఫినిష్’ అని తెలివిగా రాశాం. ఇకనుంచి రెసిన్ అనే రాస్తాం.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదట్లో కస్టమర్లు అడిగారని కొన్ని పాత కంచు బొమ్మల్ని తళతళలాడేలా తోమించాం. కంచు మీది ఆ ముదురు గోధుమ, ఆకుపచ్చ ఛాయలు మురికి కాదు. చాలావాటికి పోత పోసినచోటే వేడి, రసాయనాలతో శిల్పి కోరిన రంగు తెప్పిస్తారు. తోమితే అది పోతుంది, మళ్లీ రాదు. ఎవరు అడిగినా ఇక ఆ పని చేయం. పొడిబట్టతో దుమ్ము తుడవండి, చాలు. కాకపోతే లేత ఆకుపచ్చగా, పొడిలా రాలే మచ్చలు కనబడితే ఆలస్యం చేయొద్దు. అది మామూలు చిలుము కాదు. ఉప్పు, తేమ కలిసి కంచును లోపలి నుంచి తినేస్తున్నాయని అర్థం. ముందు ఆ బొమ్మను పొడి గదిలోకి మార్చి మాకు చెప్పండి. పాలరాయికి శత్రువు పులుపు. పులుపున్నది ఏది ఒలికినా మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.

ఇంట్లో ఎక్కడ పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. నా మాట ఒక్కటే, మూలన పెట్టొద్దు. రోమ్‌లోని బోర్గీస్ గ్యాలరీలో ఇటలీ శిల్పి బెర్నీనీ చెక్కిన అపోలో, డాఫ్నీ శిల్పం ఉంది, 1622-25 నాటిది. వెంటపడిన అపోలో దేవుడి నుంచి తప్పించుకోవడానికి డాఫ్నీ చెట్టుగా మారిపోయే గ్రీకు కథ అది. మొదట్లో దాన్ని గదిలోకి వచ్చేవాళ్లకు ముందు అపోలో వీపు కనిపించేలా పెట్టారు. నాలుగడుగులు పక్కకు వేస్తేనే డాఫ్నీ వేళ్లు ఆకులుగా మారడం కనిపిస్తుంది. మీ బొమ్మ చేతిలో పట్టేంత చిన్నదైనా సరే, కనీసం మూడు వైపుల నుంచి కనిపించనివ్వండి. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి, కాస్త పైనుంచి పడాలి. ఎదురుగా పడితే నీడలు చచ్చి ముఖం చప్పగా ఉంటుంది.

పాతవీ కొత్తవీ కలపొచ్చా? నిక్షేపంగా కలపండి. నా కంటికి మాత్రం నగిషీ పని ఎక్కువున్న పాత బొమ్మ పక్కన నున్నటి కొత్త రూపం ఒక్కటే బాగుంటుంది, మధ్యలో ఖాళీతో. ఒకే అరలో ఏడెనిమిది పెడితే మా గోడౌన్‌లా ఉంటుంది. కొత్తవాటిని చూసి ‘ఇదీ శిల్పమేనా’ అనేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 1926లో శిల్పి బ్రాంకూసీ చేసిన ‘బర్డ్ ఇన్ స్పేస్’, రెక్కలూ ఈకలూ లేని నున్నటి పక్షి రూపం, న్యూయార్క్ చేరితే కస్టమ్స్ వాళ్లు దాన్ని వంటపాత్రల కోవలో వేసి 40 శాతం సుంకం కట్టమన్నారు. అది శిల్పమేనని 1928లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. కాబట్టి మీ ఇంటికొచ్చిన చుట్టాల మాటలకు మీరేం బాధపడకండి.

బరువు మాత్రం ముందే అడగండి. అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పాలరాయి దిమ్మ 70 కిలోలు దాటుతుంది. గాజు బల్ల మీద పెడతామని ఒకరు చెబితే మేం నోరు మూసుకుని డెలివరీ ఇచ్చాం. బల్ల పగల్లేదు, అది మా అదృష్టం. ఇకపై ఎక్కడ పెడతారో అడిగాకే పంపుతాం. ఎత్తేటప్పుడు చేతులు, మెడ పట్టుకోకుండా పీఠం కింద పట్టుకోండి.

రెండు రకాలు మా దగ్గర దొరకవు. ఒకటి, ఏనుగు దంతం కలిపిన 1920ల నాటి నాట్యగత్తెలు. ఎంత పాతవైనా కొనం. రెండోది, ఎక్కడి నుంచి వచ్చాయో కాగితాల్లేని రాతి తలలు. మెడ దగ్గర కోసిన గుర్తు తాజాగా కనిపిస్తుంటే, మిగతా ఒళ్లు ఏ చోట నిలబడి ఉందో అన్న ప్రశ్న వస్తుంది. ఈ మధ్యే అలాంటిదొకటి వస్తే వద్దని పంపేశాం. చాలా అందంగా ఉంది, ఒప్పుకుంటాను.

మా పాత చీటీతో ‘యాంటిక్ కంచు’ కొన్నవాళ్లు బొమ్మ ఫొటో, పీఠం అడుగు ఫొటో, చీటీ ఫొటో పంపండి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. తప్పు మాదైతే మీ ఇష్టం, డబ్బు తీసుకోండి లేదా తేడా వెనక్కిస్తాం, బొమ్మ ఉంచుకోండి. వరుసలో చూస్తాం కాబట్టి జవాబుకు వారం పట్టొచ్చు.

ఆ నాట్యగత్తె ఇప్పుడు మా కౌంటర్ మీదే ఉంది. చెయ్యి అతికించలేదు, పక్కనే పెట్టాం. వచ్చినప్పుడు విరిగిన చోటు చూడండి, స్పెల్టర్ లోపల ఎలా ఉంటుందో తెలుస్తుంది.