దిద్దిన చేతులకూ పేరుండాలి

సంపాదకులకు నమస్కారం.

మహిళా రచయితలపై మీరు వేసిన వ్యాసంలో పుస్తకాలు, అవార్డుల లెక్కే తప్ప రాతప్రతులు దిద్దినవాళ్ల ఊసే లేదు. నేను కథలు రాస్తూ, ఇతరుల రాతప్రతులు దిద్దే పరిష్కర్తనయ్యాను. మా రచయితల బృందంలో నా తొలి కథ చదివినప్పుడు ఒకావిడ మొదటి రెండు పేరాలూ పెన్సిల్‌తో కొట్టేసి, ‘కథ ఇక్కడ మొదలైందమ్మా’ అన్నారు. ఆ రాత్రి ఏడ్చాను (ఇప్పుడు నవ్వొస్తుంది). పొద్దున చదివితే ఆవిడ మాటే నిజం. బృందంలో నియమం ఒక్కటే: చర్చ నడుస్తున్నంతసేపూ రాసినవాళ్లు నోరెత్తకూడదు. సంజాయిషీ కావాల్సి వచ్చిందంటే వాక్యం తిరగరాయాల్సిందే. ఇప్పుడు ఎవరి ప్రతిలోనైనా వరసగా మూడు ‘చాలా’లు కనబడితే నా పెన్సిలూ ఆగదు. రచయిత గొంతు మార్చేస్తున్నానేమోనన్న భయం మాత్రం పోలేదు.

కనీసం మీ పుస్తక సమీక్షల్లో ప్రచురణకర్త పేరు పక్కన పరిష్కర్త పేరూ అచ్చువేయండి.

- ఒక పాఠకురాలు