గ్యాస్ బండికి పొగ రాదన్న ధీమా వద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను 17 ఏళ్లుగా ఫోర్క్‌లిఫ్ట్, అంటే సరుకు ఎత్తి దించే బండి నడుపుతున్నాను. మొదటి 11 ఏళ్లు డీజిల్ బండి, ఆ తర్వాత గ్యాస్ బండి, అంటే సిలిండర్ గ్యాస్‌తో నడిచేది. ఇంజిన్ బళ్లన్నీ తీసేసి బ్యాటరీవే పెట్టాలని ఈమధ్య చాలామంది అంటున్నారు. ఆరుబయట యార్డులో పనిచేసినవాళ్లు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. వాన పడుతుంటే, గతుకుల నేల మీద 5 టన్నుల బరువుతో ర్యాంప్ ఎక్కాలంటే డీజిల్ ఇంజిన్ లాగుడే వేరు. ట్యాంకు ఖాళీ అయితే డీజిల్ పోసుకుంటాం, గ్యాస్ అయిపోతే సిలిండర్ మారుస్తాం, కాసేపట్లో మళ్లీ పనిలో పడతాం. అదే పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఛార్జింగ్‌కే 8 గంటలు పడుతుంది, ఆపైన అది చల్లారాలి. లిథియం బ్యాటరీలు వచ్చాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

నా గోడు ఈ బళ్లను మూసిన గోడౌన్లలో నడపడం గురించి.

ఒకరోజు జల్లు లోపలికి కొడుతోందని, సరుకు తడుస్తుందని షట్టర్లన్నీ దించేశారు. లోపల రెండు గ్యాస్ బళ్లు తిరుగుతున్నాయి. లోడు కోసం ఆగినప్పుడు కూడా ఇంజిన్ ఆపడం లేదు. మధ్యాహ్నానికి నాకు కణతలు పోటెత్తాయి. రాత్రి నిద్ర చాలలేదేమో అనుకున్నాను. ఇంతలో ప్యాలెట్ (సరుకు పేర్చే పీట) మీద బస్తాలు సర్దుతున్న కుర్రాడు చేతిలో బస్తా జారవిడిచి అక్కడే కూలబడ్డాడు. ఏమీ తినకుండా వచ్చి ఉంటాడన్నారు. పక్కనున్న ఇంకొకతను వాంతి చేసుకున్నాకే ఎవరో షట్టర్ ఎత్తారు. అది కార్బన్ మోనాక్సైడ్ పని అని ఆస్పత్రిలో డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, దాంతో ఒంటికి ఆక్సిజన్ అందదు. డీజిల్ పొగ కూడా తక్కువదేమీ కాదు. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. కాకపోతే ఆ పొగ కళ్లు మండిస్తుంది, దగ్గొచ్చి మనమే బయటికి పోతాం. గ్యాస్ బండికి నల్లపొగ రాదు కాబట్టి అందరూ దాన్ని నమ్మేస్తారు. ట్యూనింగ్ సరిగా లేకపోతే డీజిల్ బండి కంటే ఎక్కువ మోనాక్సైడ్ వదిలేది అదే.

యజమానులకు నా విన్నపం. యార్డులో ఇంజిన్ బళ్లు ఉండనివ్వండి. షట్టర్ మూసి పనిచేసే చోట బ్యాటరీ బండి పెట్టండి. అది కొనేదాకా ఇంజిన్‌కు వేళకు ట్యూనింగ్ చేయించండి, గోడకు మోనాక్సైడ్ అలారం బిగించండి. పనివాడు తల తిరుగుతోందంటే పని ఎగ్గొట్టడానికే అనుకోకుండా ముందు షట్టర్ ఎత్తించండి.

ఇట్లు,
ఒక ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్